అయిదో ట్రంకు

భీమవరంలో, మా మేతల కంపెనీ మేడ మీద
కిటికీ లేని గదిలో నా బల్ల.
బల్ల మీద ఎనిమిది దీపాలు, ట్రంకుకొకటి.
ఆకుపచ్చంటే ఖాళీ.
ఎరుపంటే ఎవరో పట్టుకున్నారు.
ఎరుపు గిలగిల్లాడితే
ఎవరినో ఆగమని చెప్పి మరిచిపోయామని.

నరసాపురం డిపో, పాలకొల్లు గోదాము, అమలాపురం కౌంటరు,
అన్నీ ఒకే తీగకి కట్టిన ఊళ్ళు.
అక్కడ మూడంకెలు నొక్కితే ఇక్కడ మోగుతుంది.
తొమ్మిది నొక్కితే నా ఎనిమిదిలో ఒకటి లాక్కుని
బయటి లోకంలోకి దిగిపోతారు.
అన్నీ నిండితే వంతు,
శివారు చేలకి నీళ్ళొదిలినట్టే:
ముందు ఎండీగారి గది, తర్వాత అమ్మకాలు, ఆఖరికి గోదాములు.
వంతు రాగానే వాళ్ళ ఫోను తనంతట తనే మోగి పిలుస్తుంది.
కాలవ చివరి రైతుకి అంత మర్యాద జరగ్గా నేను చూళ్ళేదు.

పోయిన ఆషాఢంలో విస్సంరాజు గారు
బిల్లు కాగితం పట్టుకొచ్చారు, బారెడు, అంచున చిల్లులతో.
"ఇదేంటి సువార్తా,
రోజూ తెల్లవారగట్ల మూడింటికి అయిదో ట్రంకు,
నలభై నిమిషాలు,
నరసాపురం రెండు పద్నాలుగు నుంచి కాళ్ళకి!
ఎవడి కాపురమో మన ఖర్చుతో నడుస్తోంది.
విని రాసియ్యి."

రాత్రి డ్యూటీ వేయించుకున్నాను.
మూడింటికి అయిదు ఎర్రబడింది.
మోనిటరు మీట నొక్కాను.
అది నొక్కితే వాళ్ళకి టిక్కుమని కూడా వినపడదు.
దొంగతనానికి అంత మంచి పేరు పెట్టినవాణ్ణి ఒకసారి చూడాలి.

మాటల్లేవు.
ఈ చివర ఒక ఊపిరి.
ఆ చివర
ఛప ఛప ఛప ఛప
నీళ్ళ చెంపలు ఎవరో తీరిగ్గా వాయిస్తున్నట్టు.

నాలుగో రాత్రికి వెలిగింది: చెరువులో గాలి చక్రాలు.
రెండు పద్నాలుగు అంటే డిపో కావలి, నాగముసలయ్య.
కాళ్ళలో ఎకరంనర కౌలు చెరువు, డెబ్భై రోజుల రొయ్య.
పల్లాలమ్మ షెడ్డులో ఫోనెత్తి
రిసీవరు గట్టు వైపు తిప్పి పడుకుంటుంది.
అతను డిపో గేటు దగ్గర కూర్చుని
చెవితో కాపలా కాస్తాడు.
నరసాపురం నుంచి నేరుగా చేస్తే ఎస్టీడీ.
మా తీగ మీద భీమవరం దాకా వచ్చి దిగితే లోకల్.
ఆ లెక్క కట్టినవాణ్ణి గేటు దగ్గరెందుకు కూర్చోబెట్టారో!

"అయిదో ట్రంకు: మాటలు లేవు. శబ్దం ఉంది" అని రాశాను.
"లైను పాడయిందా?" అన్నారు రాజుగారు.
"అలాంటిదేనండి."

ఆరో రాత్రి, మూడూ ఇరవై.
ఛప ఛప... ఛప...
ఛప.
తర్వాత కప్పలు.
వాటికేం, హాయిగా ఉన్నాయి.
ఈ చివర ఊపిరి లావెక్కింది. గురక.
రొయ్యకి అరగంట టైముంది.
నా ఉద్యోగానికి ఎంతుందో ఏ దీపమూ చెప్పదు.

ఇంకో మీట ఉంది, మధ్యలో దూరేది.
దానికి మాత్రం నీతి ఉంది, ముందు పీక్ మని చెప్పి దూరుతుంది.
"ముసలయ్యగారూ, చక్రాలాగిపోయాయి!"
కుర్చీ పడ్డ చప్పుడు.
"ఎవరండీ?"
ఏం చెప్పను.
"అయిదో ట్రంకండి."

పెట్టేసి మళ్ళీ చేద్దామంటే
అక్కడ రిసీవరు ఎత్తి ఉంది, మోగదు.
ఇక ఇద్దరం అరిచాం,
నరసాపురం నుంచి అతను, భీమవరం నుంచి నేను,
కాళ్ళలో కిటికీ గూట్లో వెల్లకిలా పడున్న
అరచేతంత వస్తువులోంచి:
"పల్లాలమ్మా! ఓ పల్లాలమ్మా!"
ముందు కుక్క లేచింది.
తర్వాత ఆవిడ, తిట్టుకుంటూ.
తర్వాత జనరేటరు దగ్గు, రెండుసార్లు ఉత్తదే.
మూడోసారి...

ఛప.

నెలాఖరి కాగితంలో ఆ వరస పక్కన
అచ్చుపడింది: కలిసినవారు, ఆపరేటరు.
రాజుగారు దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి
నన్ను కూర్చోమన్నారు. అంతా చెప్పాను.
చాలాసేపు సున్నాని ఇంకా లావు చేశారు.
"మా జువ్వలపాలెం చెరువు షెడ్డులో కూడా ఫోనుందమ్మా" అన్నారు.
తలుపు దాకా వెళ్ళాక వెనక్కి తిరిగి,
"ఆరో ట్రంకు రాత్రిళ్ళు ఖాళీయేనా?"